కులపెద్దల ముందు రాసుకున్న తెగతెంపుల కాగితం చెల్లుతుందా? ఆచారం ఎక్కడిదాకా కాపాడుతుంది?

బాబూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్లకు కూడా అర్థం కావాలి కాబట్టి ముందు సంగతి క్లుప్తంగా చెప్తాను. మీ చెల్లికి 2017లో పెళ్లయింది, ఆరేళ్ల పాప ఉంది. భార్యాభర్తలకు పొసగక రెండేళ్ల కిందట విడిపోయారు. అప్పుడు చీపురుపల్లి దగ్గర మీ ఊరి రామాలయం అరుగు మీద రెండు వైపుల కులపెద్దలు కూర్చుని, వంద రూపాయల స్టాంపు కాగితం మీద తెగతెంపులు రాయించారు. ఇకమీదట ఒకరికొకరు సంబంధం లేదు, ఎవరు ఎవరినైనా చేసుకోవచ్చు అన్నది మొదటి షరతు. అబ్బాయి రెండు లక్షలు ఇస్తాడు, ఆ తర్వాత మీ చెల్లి తనకోసం గానీ పాపకోసం గానీ భరణం అడగకూడదు. పెళ్లిలో పెట్టిన బంగారం వెనక్కి ఇచ్చేస్తారు. ఎవరూ కోర్టుకు, పోలీస్ స్టేషన్‌కు వెళ్లకూడదు. మాట తప్పినవాళ్లు ఊరికి యాభై వేలు తప్పు కట్టాలి. ఇప్పుడు భోగాపురం వైపు నుంచి మంచి సంబంధం వచ్చింది, వాళ్లు "కోర్టు కాగితం ఉందా?" అని అడిగారు. మీ పెద్దలేమో "మన కులంలో తాతల నాటి నుంచి ఇంతే, మారుమనువుకు కోర్టెందుకు?" అంటున్నారు. కాగితం చెల్లుతుందా, కోర్టుకు వెళ్తే ఆ యాభై వేలు కట్టాలా అన్నది మీ ప్రశ్న.

ఆ కాగితం ఒక్కటే చేతిలో పెట్టుకుని ముహూర్తం పెట్టకండి. యాభై వేలు కట్టనక్కర్లేదు. బంగారం, డబ్బు ముట్టినట్టు రాసిన భాగం మాత్రం జాగ్రత్తగా దాచండి, పనికొస్తుంది. ఇది చాలు అనుకుంటే ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ రేపు పెద్దల ముందు కూర్చుని మాట్లాడాల్సింది మీరు. "లాయరు వద్దన్నాడు" అంటే వాళ్లు వినరు. అందుకే కారణాలు వివరంగా రాస్తున్నాను. విజయనగరం జిల్లా కోర్టుల్లో ఇరవై ఎనిమిదేళ్లుగా సివిల్, కుటుంబ కేసులు చూస్తున్నాను. ఇలాంటి కాగితం పట్టుకుని వచ్చినవాళ్లు నా దగ్గర చాలామందే కూర్చున్నారు.

అందరూ మొదట అనే మాట "ఇద్దరూ ఇష్టపడే సంతకం పెట్టారు కదండీ" అని. ఇష్టం ఉండాల్సిందే, కానీ ఇష్టం ఒక్కటే సరిపోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఒప్పందంలో ఇష్టంతో పాటు ఇంకొకటి కూడా చూస్తుంది. ఆ ఒప్పందం దేనికోసం? ఆ పని చట్టం వద్దన్నదైనా, చట్టాన్ని వమ్ము చేసేదైనా, మోసమైనా, ఇంకొకరికి నష్టం చేసేదైనా, నీతికి గానీ పబ్లిక్ పాలసీకి గానీ విరుద్ధమని కోర్టు భావించినా ఆ ఒప్పందం చెల్లదని సెక్షన్ 23 చెబుతుంది. పబ్లిక్ పాలసీ అనేది కోర్టుల్లో మేం రోజూ వాడే మాట. తెలుగులో లోకహితం అనుకోండి. ఇద్దరు మనుషుల మధ్య రాసుకున్నదే అయినా, దాన్ని చెల్లనిస్తే నలుగురికీ చేటు అనిపించే ఒప్పందానికి కోర్టు చెయ్యి కలపదు.

మన ఊళ్లలో దీనికి ఉదాహరణ కోసం దూరం వెళ్లక్కర్లేదు. కొన్ని ఊళ్లలో గుడికో పండగకో డబ్బు కావాలని మద్యం బెల్టు షాపు హక్కును ఊరంతా కూర్చుని వేలం వేస్తారు. పాట పాడినవాడు సగం డబ్బు కట్టి మిగతాది ఎగ్గొట్టాడనుకోండి. ఊరి కమిటీ కోర్టుకు వెళ్తే ఒక్క రూపాయి రాదు. లైసెన్సు లేకుండా మద్యం అమ్మడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం, ఆ నేరానికి పాట పాడిన డబ్బు బాకీ కాదు. ఊరంతా ఒప్పుకున్నారని, గుడి కోసమేనని, ఏటా జరిగేదేనని చెప్పినా లాభం లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. లోకహితం అనే మాట పట్టుకుని జడ్జి తనకు నచ్చని ఒప్పందాన్నల్లా కొట్టేస్తే ఎవరికీ భద్రత ఉండదు. 1824లోనే ఇంగ్లండులో ఒక జడ్జి దీన్ని అదుపులేని గుర్రంతో పోల్చాడు. ఎక్కాక అది ఎటు లాక్కుపోతుందో తెలియదని ఆయన భయం. మన సుప్రీంకోర్టు కూడా 1959లో, ఇప్పటికే స్థిరపడిన రకాలు దాటి కొత్తవి కనిపెట్టే ముందు చాలా ఆలోచించాలని చెప్పింది. రిజిస్టర్ చేయకూడని భూముల జాబితాగా మీకు తెలిసిన 22ఏ కథ కూడా ఇక్కడిదే. ఏ దస్తావేజు పబ్లిక్ పాలసీకి విరుద్ధమో ప్రభుత్వమే ప్రకటించి రిజిస్ట్రేషన్ ఆపేయొచ్చని రాజస్థాన్‌లో ఒక సెక్షన్ ఉండేది. ఆ మాటకు హద్దు లేదు, అంత అధికారం అధికారుల చేతిలో పెట్టకూడదని 2005లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. మన రాష్ట్రంలోనూ అలాంటిదే ఉండేది. ఆ తీర్పు తర్వాత 2007లో ఏయే భూములు రిజిస్టర్ చేయకూడదో రకాలవారీగా రాసి కొత్త 22ఏ తెచ్చారు. కాబట్టి మీ కాగితంలో ఏది చెల్లదో చెప్పేటప్పుడు నేను కూడా చట్టంలోనో తీర్పుల్లోనో స్పష్టంగా ఉన్నదే చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం. పెళ్లి అనేది పొలం కౌలు లాంటి ఒప్పందం కాదు. రాసుకున్నవాళ్లిద్దరూ చింపేసుకుంటే పోయేది కాదు. అదొక హోదా. పిల్లల వారసత్వం, పింఛను, ఆస్తి, రెండో పెళ్లి నేరమా కాదా అన్నవన్నీ ఆ హోదా మీదే నిలబడతాయి. అందుకే అది ఎలా ముగియాలో 1955 హిందూ వివాహ చట్టమే చెప్పింది. సెక్షన్ 13 కింద కారణం చూపించి కోర్టులో విడాకులు, 13-బి కింద ఇద్దరూ ఒప్పుకుని కోర్టులో విడాకులు. స్టాంపు కాగితం, నోటరీ ముద్ర ఈ పని చేయలేవు. సంతకం పెట్టింది ఫలానావాళ్లే అని మాత్రమే నోటరీ చెప్పగలరు. పెళ్లి, విడాకుల పత్రాలు చేయడం నోటరీల పని కాదని కేంద్ర న్యాయశాఖ 2024లో మళ్లీ గుర్తుచేసింది కూడా.

అయితే మీ పెద్దలు చెప్పేది పూర్తిగా తప్పు అనను. అదే చట్టంలో సెక్షన్ 29(2) ఉంది. ఆచారం ప్రకారం విడాకులు పొందే హక్కు ఎవరికైనా ఉంటే, ఈ చట్టం దాన్ని తీసేయదు అని అందులో ఉంది. కాబట్టి కుల ఆచారం ప్రకారం జరిగిన తెగతెంపులు కోర్టు డిక్రీ, అంటే విడాకులు ఇస్తూ కోర్టు ఇచ్చే ఉత్తర్వు, లేకుండానే చెల్లే అవకాశం చట్టంలోనే ఉంది. తలుపు ఉంది, కానీ దాని గడప చాలా ఎత్తు.

ఆచారం ఎంత బలమైనదో చూడాలంటే మన ఇళ్లలో మేనరికాలు చూడండి. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకోవడం హిందూ వివాహ చట్టం ప్రకారం నిషిద్ధ బంధుత్వం. మేనత్త కొడుకు, మేనమామ కూతురు కూడా ఆ జాబితాలోనే ఉన్నారు. కానీ ఆచారం ఒప్పుకుంటే ఈ నిషేధం వర్తించదని సెక్షన్ 5లోనే ఉంది. ఉత్తరాంధ్రలో ఎన్ని సంసారాలు ఆ ఒక్క మాట మీద నిలబడి ఉన్నాయో మీకు తెలుసు. అలాగే 15 ఏళ్లు నిండినవాణ్ని దత్తత తీసుకోకూడదని 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం అంటుంది, ఆచారం ఉంటే తీసుకోవచ్చు అని కూడా అంటుంది. కొన్ని కులాల్లో ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానంగా వాటా ఇచ్చే ఇల్లటం ఆచారాన్ని మద్రాసు హైకోర్టు రోజుల నుంచీ కోర్టులు గుర్తించాయి. ఇంకా వెనక్కి వెళ్తే, స్పష్టంగా రుజువైన ఆచారం శాస్త్రగ్రంథంలో రాసినదాన్ని కూడా పక్కకు నెట్టగలదని 1868లో అప్పట్లో మనకు పై కోర్టు అయిన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ మదురై వైపు నుంచి వెళ్లిన కేసులో చెప్పింది. కోర్టులకు ఆచారం అంటే చిన్నచూపు లేదు. ఆ మాటలో "స్పష్టంగా రుజువైన" అన్న ముక్క చాలా ముఖ్యం, మన పెద్దలు దాన్నే వదిలేస్తారు.

చట్టం దృష్టిలో ఆచారం అంటే ఏమిటో హిందూ వివాహ చట్టం సెక్షన్ 3 చెబుతుంది. చాలాకాలంగా, మధ్యలో తెగిపోకుండా, అందరూ ఒకే తీరుగా పాటిస్తూ వచ్చి, ఆ ప్రాంతంలోనో కులంలోనో తెగలోనో కుటుంబంలోనో చట్టమంత బలం తెచ్చుకున్న నియమం. అది ఖచ్చితంగా ఫలానా అని చెప్పగలిగేలా ఉండాలి. అన్యాయంగా ఉండకూడదు, పబ్లిక్ పాలసీకి విరుద్ధంగా ఉండకూడదు. ఇంగ్లండులో 1189 నుంచీ ఉన్నదై ఉండాలని ఒక లెక్క ఉంది, మన కోర్టులు అంత వెనక్కి తవ్వమనవు. కానీ నిన్న మొన్న పెద్దలు కూర్చుని తీర్మానం చేస్తే అది ఆచారం అయిపోదు. పక్క కులంలో ఉంది కాబట్టి మనకూ ఉంటుంది అని సాగదీయడం కుదరదు. ఇద్దరు రాసుకుంటే కొత్త ఆచారం పుట్టదు.

సరిగ్గా మీలాంటి కేసులోనే సుప్రీంకోర్టు 2002లో ఒక మాట చెప్పింది. భార్యాభర్తలు విడాకుల పత్రం రాసుకున్నారు. అది మోసంతో రాయించారా, చెల్లుతుందా అని కింది కోర్టులు చర్చించాయి. అసలు ఆ కులంలో అలా విడిపోయే ఆచారం ఉందా అని ఎవరూ చెప్పలేదు, ఎవరూ రుజువు చేయలేదు. సుప్రీంకోర్టు దాన్నే పట్టుకుంది. ఆచారపు విడాకులు సాధారణ చట్టానికి మినహాయింపు, కాబట్టి ఉందని చెప్పేవాళ్లే దాన్ని ప్రత్యేకంగా రాసి, సాక్ష్యంతో రుజువు చేయాలి, చేయలేకపోతే అది పబ్లిక్ పాలసీకి విరుద్ధమైన పని అవుతుంది అంది. మీ పెద్దలకు చూపించాల్సింది ఈ మాటే. రుజువైతే అదే కాగితం హక్కు అవుతుంది, రుజువు కాకపోతే లోకహితానికి విరుద్ధం అవుతుంది.

రుజువు ఎంత కష్టమో నా అనుభవం ఒకటి చెప్తాను. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక కేసులో ఆచారపు తెగతెంపుల పక్షాన నిలబడ్డాను. డెబ్బై దాటిన కులపెద్దను సాక్షిగా తెచ్చాం. మంచి మనిషి, ఊళ్లో ఆయన మాటకు ఎదురు లేదు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయరు ఒకే ప్రశ్న అడిగాడు. "మీ చేతుల మీద జరిగిన ఇలాంటి తెగతెంపులు ఒక్కటి చెప్పండి. ఎవరికి, ఏ సంవత్సరంలో?" ఆయన "మా తాతలు చెప్పేవారు బాబూ" అన్నారు. అంతే, కేసు అక్కడే పోయింది. ఆయన అబద్ధం చెప్పలేదు. కానీ ఉదాహరణ లేని ఆచారం కోర్టులో నిలబడదు.

తర్వాత చాలా ఏళ్లకు ఇంకో కేసు గెలిచాం. అందులో కులపెద్దల ఇంట్లో పాత లెక్కల పుస్తకం దొరికింది. ఎవరెవరు ఎప్పుడు తప్పు డబ్బులు కట్టారు, ఎవరికి మారుమనువు జరిగింది అన్నది పెన్సిలుతో రాసి ఉంది. దాంతో పాటు అలా తెగతెంపులై మారుమనువు చేసుకున్న ముగ్గురు ఆడవాళ్లు కోర్టుకు వచ్చి స్వయంగా చెప్పారు. ఒకావిడ వణుకుతూనే బోనెక్కింది, దిగేటప్పుడు మాత్రం తల ఎత్తుకుని దిగింది. పేర్లు, సంవత్సరాలు, ఊళ్లు అన్నీ కలిశాయి. కోర్టు నమ్మింది. మీ పెద్దల దగ్గర అలాంటి పుస్తకం ఉందా? అలా మారుమనువు చేసుకున్నవాళ్లు పేరు పెట్టి చెప్పడానికి ముందుకొస్తారా? పాత కోర్టు తీర్పులేవైనా ఉన్నాయా? ఆ తీర్పులు వెతికేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. 1936లో ఒడిశా ఏర్పడేదాకా శ్రీకాకుళం గంజాం జిల్లాలో ఉండేది, విజయనగరం వైపు విశాఖపట్నం జిల్లాలో. పాత రికార్డులు ఆ జిల్లాల పేర్ల కింద ఉంటాయి. శ్రీకాకుళం పేరుతో వెతికి లేవని వెనక్కి వచ్చేసినవాళ్లను చూశాను.

రుజువైన ఆచారాన్ని కూడా కోర్టు కొట్టేయొచ్చు. 1915 ప్రాంతంలో బొంబాయి హైకోర్టు ముందుకు ఒక కుల ఆచారం వచ్చింది. కులం నిర్ణయించిన సొమ్ము పారేస్తే చాలు, అవతలివాళ్లకు ఇష్టం లేకపోయినా పెళ్లి తెగిపోతుంది అన్నది ఆ ఆచారం. అది లోకహితానికి విరుద్ధమని కోర్టు ఒప్పుకోలేదు. మీ చెల్లి విషయంలో ఇద్దరూ ఒప్పుకున్నారు కాబట్టి ఈ అడ్డంకి రాదు. కానీ అందరి సంగతీ అలా ఉండదు. పెద్దలు కళ్లెర్రజేస్తే సంతకం పెట్టిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. మీ చెల్లిని ఒకసారి విడిగా కూర్చోబెట్టి, ఆ రోజు ఇష్టపడే సంతకం పెట్టిందా అని అడగండి. ఎవరూ అడిగి ఉండరు.

గిరిజన కుటుంబాలవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకు ఒక మాట. షెడ్యూల్డ్ తెగలకు హిందూ వివాహ చట్టం వర్తించదు, కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప. కాబట్టి సవర, జాతాపు కుటుంబాల్లో పెళ్లి, తెగతెంపులు వాళ్ల ఆచారం ప్రకారమే. కానీ రుజువు భారం అక్కడా ఉంది. 2001లో సుప్రీంకోర్టు తేల్చిన కేసులో ఒక గిరిజన మహిళ వెళ్లింది, సంతాల్ తెగకు చెందిన తన భర్త రెండో పెళ్లి చేసుకున్నాడని. రెండో పెళ్లి చెల్లదనే ఆచారం ఆ తెగలో ఉందని ఆమె రుజువు చేయలేకపోయింది. భర్త మీద నేరం నిలబడలేదు. అంటే ఆచారం మీద ఆధారపడేవాళ్లు దాన్ని రుజువు చేయలేకపోతే తామే నష్టపోతారు. అదే ఏజెన్సీలో భూమి సంగతికి వస్తే ఆచారమూ ఇష్టమూ రెండూ పనిచేయవు. సాలూరు, కురుపాం, సీతంపేట వైపు 1/70 అని అందరూ పిలిచే చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరుడి పేరుకు మార్చే బదిలీ మొదటి నుంచే శూన్యం. అమ్మినవాడు నవ్వుతూ సంతకం పెట్టినా, కొన్నవాడు పూర్తి ధర కట్టినా, పెద్దలు సాక్షులుగా ఉన్నా అంతే. దాని వెనక గిరిజనుల భూమి అంగుళం అంగుళం పోయిన చరిత్ర ఉంది. అందుకే ఒక్కొక్కరి ఇష్టాన్ని చట్టం పక్కన పెట్టింది. అది సరైన పనే అని నేను మనసారా నమ్ముతాను.

ఇక మీ కాగితంలోని మిగతా షరతులు. కోర్టుకు వెళ్లకూడదన్న షరతు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 28 ప్రకారం శూన్యం. కోర్టు తలుపు తట్టే హక్కును పూర్తిగా రాసిచ్చేయడం ఎవరివల్లా కాదు. పోలీసుల దగ్గరకు వెళ్లకూడదన్నది ఇంకా ఘోరం. డబ్బు తీసుకుని నేరాన్ని కప్పిపెట్టే ఒప్పందాన్ని కోర్టులు ఎప్పటినుంచో లోకహితానికి విరుద్ధం అంటున్నాయి. యాభై వేల తప్పు ఈ రెండు షరతులకు కాపలా కాబట్టి అదీ నిలబడదు. ఎవరైనా ఆ డబ్బు కోసం బెదిరిస్తే, ఊళ్లో వెలి వేస్తామంటే, అది పెద్దరికం కాదు, పోలీసులకు చెప్పదగ్గ విషయం. ఇలా రాస్తున్నప్పుడు మీ ఇంట్లో టెన్షన్ నాకు తెలియంది కాదు. ఊళ్లో ఉండాల్సింది మీరు. అయినా ఆ షరతుకు భయపడి చెల్లి జీవితాన్ని గాల్లో వదిలేయకండి.

భరణం వదులుకున్న షరతుకు కూడా విలువ లేదు. భార్యను పోషించే బాధ్యతను ఒప్పందంతో పూర్తిగా తీసేయడం పబ్లిక్ పాలసీకి విరుద్ధమని హైకోర్టులు చెప్తూ వచ్చాయి. కోర్టులో రాజీపడి ఒకేసారి కొంత సొమ్ము తీసుకున్న భార్య కూడా 1956 చట్టం కింద మళ్లీ మనోవర్తి అడగొచ్చని 2013లో సుప్రీంకోర్టు అంది. ఇక పాప హక్కును వదులుకోవడానికి మీ చెల్లికి అధికారమే లేదు. అది పాపది. తండ్రి పోషించాలి. పాప ఎవరి దగ్గర ఉండాలన్నది కూడా పెద్దల మాట కాదు, పాప మేలు ఎక్కడుందో కోర్టు చూస్తుంది. తల్లికి మారుమనువు అయినంత మాత్రాన పాప హక్కు పోదు.

బంగారం సంగతి వేరు. స్త్రీధనం పూర్తిగా ఆడపిల్లదేనని 1985లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి దాన్ని వెనక్కి ఇచ్చే షరతు న్యాయమైనదే. ఒక కాగితంలో మంచి షరతు, చెల్లని షరతు విడదీయగలిగేలా ఉంటే మంచిది నిలుస్తుంది, చెడ్డది పోతుంది. రెండు లక్షలు ముట్టిన రసీదు కూడా సాక్ష్యమే. రేపు కోర్టు శాశ్వత భరణం లెక్కవేసేటప్పుడు దాన్ని చూస్తుంది.

ఈ కాగితం పట్టుకుని పెళ్లి చేసేస్తే ఏమవుతుంది? ఆచారం రుజువు కాకపోతే రెండో పెళ్లి శూన్యం. మొదటి భర్త ఫిర్యాదు చేస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 82 కింద ఏడేళ్లదాకా శిక్ష పడే నేరం. పుట్టే పిల్లలకు మాత్రం హిందూ వివాహ చట్టం సెక్షన్ 16 రక్షణ ఉంది. వాళ్లు చట్టబద్ధమైన పిల్లలే, తల్లిదండ్రుల ఆస్తిలో వాళ్లకు వాటా ఉంది. పెద్దవాళ్లకే ఆ నీడ లేదు.

ఒకావిడ నా దగ్గరకు వచ్చినప్పుడు ఆమె రెండో భర్త పోయి నాలుగు నెలలైంది. ప్రభుత్వ ఉద్యోగి. పంతొమ్మిదేళ్లు కలిసి కాపురం చేశారు. ఆయన జబ్బులో ఆరు నెలలు ఆమే ఒంటిచేత్తో చూసుకుంది. కుటుంబ పింఛనుకు దరఖాస్తు పెడితే ఆఫీసులో మొదటి పెళ్లి విడాకుల డిక్రీ అడిగారు. ఆమె చేతిలో మీ చెల్లి దగ్గర ఉన్నలాంటి స్టాంపు కాగితమే ఉంది. దాని మీద సంతకాలు పెట్టిన పెద్దల్లో ఒక్కరూ బతికి లేరు. మొదటి భర్త మాత్రం ఉన్నాడు. నేను చేయగలిగినంతా చేశాను, పిల్లలకు రావాల్సింది ఇప్పించగలిగాను. ఆమెకు పింఛను రాలేదు. ఆ కాగితాన్ని ఆమె ప్లాస్టిక్ కవర్లో పెట్టి, పసుపు రాసి, ఇన్నేళ్లూ దాచుకుంది. మీ ప్రశ్నకు ఇంత పొడుగు సమాధానం రాయడానికి ఆవిడే కారణం.

ఈ మధ్య కొంత ఊరట కలిగించే తీర్పు వచ్చింది. తెలంగాణ హైకోర్టు నుంచి వెళ్లిన కేసులో 2025 జనవరిలో సుప్రీంకోర్టు, మొదటి భర్తతో కోర్టు విడాకులు లేకుండా ఒప్పంద పత్రం మీదే విడిపోయి రెండో పెళ్లి చేసుకున్న మహిళకు, ఆ రెండో భర్త భరణం ఇవ్వాల్సిందే అంది. సంగతులన్నీ తెలిసే పెళ్లి చేసుకుని, తర్వాత అది చెల్లదని తప్పించుకోవడం కుదరదని భావం. కానీ అది భరణం వరకే. ఆ ఒప్పంద పత్రం విడాకుల డిక్రీ అయిపోయిందని కోర్టు అనలేదు. దాన్ని చూపించి ఎవరైనా "ఇప్పుడు కాగితం చాలంట" అని చెప్తే నమ్మకండి.

మీ ముందున్న దారి నిజానికి అంత కష్టం కాదు. అబ్బాయి ఇప్పటికే విడిపోవడానికి ఒప్పుకున్నాడు, అతనూ మళ్లీ పెళ్లి చేసుకోవాలంటే అతనికీ డిక్రీ కావాలి. ఈ మాట పెద్దల చేతే అతనికి చెప్పించండి. వాళ్ల పెద్దరికం నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. ఇద్దరూ కలిసి 13-బి కింద ఉమ్మడి పిటిషన్ వేయాలి. అందుకు ఏడాది విడిగా ఉండాలి, మీకు రెండేళ్లయింది. పిటిషన్ వేశాక మామూలుగా ఆరు నెలలు ఆగాలి. రాజీకి అవకాశం లేదని, భరణం, పాప సంగతి తేల్చుకున్నారని నమ్మకం కలిగితే కోర్టు ఆ గడువును తగ్గించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. పాపకు నెలనెలా ఎంత, చూడటానికి తండ్రి ఎప్పుడు రావాలి అన్నది ఆ పిటిషన్‌లోనే రాయించండి. అబ్బాయి మొండికేస్తే రెండేళ్లు వదిలేసి వెళ్లిన కారణం మీదో, క్రూరత్వం మీదో సెక్షన్ 13 కింద వేయొచ్చు, అందులో ఎవరు ఎవరిని వదిలారన్నది ముఖ్యం. ఆచారానికి గట్టి రుజువు ఉందని పెద్దలు పట్టుబడితే, తెగతెంపులు అయిపోయాయని ప్రకటించమని దావా వేసే దారీ ఉంది. అయితే నేనైతే మొదటి దారే పట్టమంటాను. ఇద్దరూ ఒప్పుకున్నచోట ఆచారం రుజువు చేసే భారం తలకెత్తుకోవడం ఎందుకు?

లాయరు ఖర్చు గురించి భయపడకండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కు. విజయనగరంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థకు మీ చెల్లి ఆధార్, పెళ్లి ఫోటో, ఆ స్టాంపు కాగితం పట్టుకుని వెళ్లొచ్చు, లేదా 15100కు ఫోన్ చేయొచ్చు. స్టాంపు కాగితం అసలు ప్రతిని ఎవరికీ ఇవ్వకండి, నకలు మాత్రమే ఇవ్వండి. భోగాపురం వాళ్లకు దాచకుండా చెప్పండి: కోర్టులో పిటిషన్ వేస్తున్నాం, డిక్రీ వచ్చాకే ముహూర్తం అని. ముందే కోర్టు కాగితం అడిగినవాళ్లు ఆ మాట విని వెనక్కి పోతారని నేననుకోను. డిక్రీ వచ్చాక పెళ్లి మీ ఆచారం ప్రకారం పద్ధతిగా జరిపించి, వెంటనే రిజిస్టర్ చేయించండి. అబ్బాయి ఒప్పుకున్నాడో లేదో కనుక్కుని మళ్లీ రాయండి, పిటిషన్‌లో పాప గురించి ఏమేం ఉండాలో అప్పుడు విడిగా చెప్తాను.